రక్తంలో యాంటీబాడీలా, మలంలో కాల్‌ప్రొటెక్టినా: ఏది మేలు?

"అన్నా, పేగు బ్యాక్టీరియా మీద యాంటీబాడీలు చూసే రక్తపరీక్ష చేయించమంటావా, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ చూసే మోషన్ టెస్ట్ చాలంటావా?" తిరుపతిలో ల్యాబు పనిలో ఉన్నందుకు క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగు వాపు జబ్బులున్నవాళ్ళు నన్ను ఎప్పుడూ అడిగేది ఇదే. ఎక్కువమంది మొగ్గు రక్తం వైపే. శ్రీకాళహస్తి నుంచి బస్సులో ఆ డబ్బా తేవాలంటే నామోషీ మరి!

రక్తపరీక్ష ఉత్తదేం కాదు. ఆరోగ్యంగా ఉన్న పేగులో బ్యాక్టీరియాను ఒళ్ళు చూసీ చూడనట్టు వదిలేస్తుంది. ఈ జబ్బుల్లో ఆ సర్దుబాటు చెడి, ఈ.కోలై పైపొర మీద, కొన్ని బ్యాక్టీరియా తోకల్లోని ఫ్లాజెలిన్ మీద, ఈస్ట్ మీద కూడా యాంటీబాడీలు పుడతాయి. క్రోన్స్‌లో ఇవి జబ్బు బయటపడక ముందే కనిపించవచ్చు.

కానీ నేను చూసేది ఒక్కటే: రిపోర్టు చూశాక డాక్టరు మందు మారుస్తాడా? యాంటీబాడీ ఉందంటే ఎప్పుడో గొడవ జరిగి స్టేషన్లో కేసు నమోదైనట్టు. ఇప్పుడు వీధిలో కొట్టుకుంటున్నారో లేదో ఆ ఫైలు చెప్పదు. జబ్బు తగ్గినా అంకె అంతగా తగ్గదు. పైగా క్రోన్స్ రోగుల ఇళ్ళలో ఏ జబ్బూ లేనివాళ్ళకూ ఈస్ట్ యాంటీబాడీ రావచ్చు. మన దేశంలో ఇంకో చిక్కు, పేగు టీబీ. అదీ క్రోన్స్‌లాగే ఉంటుంది, ఈ యాంటీబాడీ అందులోనూ వస్తుంది. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ మొదలుపెడితే ప్రమాదం.

కాల్‌ప్రొటెక్టిన్ అలా కాదు. పేగు గోడకు ఇప్పుడు చేరిన తెల్లకణాల నుంచి వచ్చే ప్రొటీన్ అది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే సాధారణంగా నిశ్చింత, 250 దాటితే వాపు చురుగ్గా ఉందని అనుమానం. మందు పనిచేస్తే అంకె దిగుతుంది. జబ్బు ఎలా ఉందో కనిపెట్టుకోడానికి నా ఓటు దీనికే. టీబీయా, క్రోన్సా అన్నది మాత్రం ఇదీ తేల్చదు. అందుకు కొలనోస్కోపీ (గొట్టంతో పేగు లోపల చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) తప్పవు. చిత్తూరు వాళ్ళు వేలూరుకైనా వెళ్ళి చేయించుకోవాల్సిందే.

ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ రక్తపరీక్ష అంటారా, చవక. కానీ జలుబు జ్వరానికీ పెరుగుతుంది.

శాంపిల్ ఇచ్చేటప్పుడు మూత్రం, టాయిలెట్ నీళ్ళు కలవనివ్వకండి. మూతకున్న చిన్న స్పూనుతో తీస్తే చాలు, డబ్బా నింపక్కర్లేదు. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి, అవీ అంకెను పెంచుతాయి.