గ్లైకాన్ చిప్పా, బతికున్న కణమా?

"మామా, సిగ్లెక్‌లను ఏ పద్ధతిలో చూస్తే మంచిది?" అని అడిగాడు అనంతపురంలో బయోటెక్నాలజీ చదివే మా మేనల్లుడు. సిగ్లెక్‌లంటే రోగనిరోధక కణాల మీద ఉండి, సియాలిక్ ఆమ్లమనే చక్కెరను పట్టుకునే ప్రోటీన్లు.

గ్లైకాన్ చిప్ సులువు. గాజుపలక మీద వందల రకాల చక్కెర గొలుసులు చుక్కలుగా అతికించి ఉంటాయి. మెరిసే రంగు తగిలించిన ప్రోటీన్‌ను పోసి కడిగేస్తే, వెలిగిన చుక్కే జవాబు.

కానీ కణం గాజుపలక కాదు కదా! బి కణాలనే రోగనిరోధక కణాల మీది సీడీ22 అనే సిగ్లెక్‌నే చూడండి. తన కణం మీదే ఉన్న సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకుని కూర్చుంటుంది, బయటి చక్కెర ఇస్తే తేలిగ్గా అంటదు. సియాలిడేస్ ఎంజైముతో ఆ చక్కెరను కోసేస్తేనే దాని చేయి ఖాళీ అవుతుంది. ఈ తిరకాసు చిప్ మీద కనబడదు. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపించే ఫ్లో సైటోమెట్రీలో తెలుస్తుంది. ఖర్చూ టెన్షనూ ఎక్కువే అనుకోండి. నేనైతే చిప్‌తో వడపోసి, నమ్మకం మాత్రం కణం మీదే పెడతాను.

అన్నట్టు, మన చేలల్లోని వేరుశనగ గింజలోనూ ఇలా చక్కెరను పట్టుకునే ప్రోటీన్, అంటే లెక్టిన్, ఉంది. టీ కణాలనే రోగనిరోధక కణాలు ముదిరే థైమస్ గ్రంథిలోని లేత టీ కణాలకు బాగా అంటుకుంటుంది. ముదిరిన వాటి చక్కెరను సియాలిక్ ఆమ్లం కప్పేస్తుంది కాబట్టి వాటికి సరిగా అంటదు.