శ్రుతి దిద్దింది, సంగతి అందలేదు

తెలుగు రాతలో తప్పులు పట్టే యాప్ ఇది. మామూలు వ్యాసాలకు బాగానే పనికొస్తుంది. సంగీతం మాటలు దొర్లే రాతల్లో దాన్ని ఎంతవరకు నమ్మొచ్చన్నదే ఇక్కడ ప్రశ్న.

అక్షరదోషాల దగ్గర వంక పెట్టలేం. 'శృతి' కనిపిస్తే చాలు, 'శ్రుతి' చేస్తుంది. వినడం అనే అర్థమున్న 'శ్రు' ధాతువు నుంచి పుట్టిన మాట కాబట్టి అక్కడ ఉండాల్సింది రావత్తు, వట్రసుడి కాదు. 'ఆవరోహణ' మొదట్లో అనవసరపు దీర్ఘాన్నీ తీసేస్తుంది. 'శ్రుతి మించి రాగాన పడింది' లాంటి నుడికారం జోలికి పోదు, అదీ మంచిదే.

చిక్కంతా అర్థంతోనే. బాణీని ఉద్దేశించి 'పాట రాగం కొత్తగా ఉంది' అని రాసినా ఊరుకుంటుంది. మోహన రాగంలో ఉన్నవి స రి గ ప ద, ఐదే స్వరాలు. వాటితోనే ఒకదానితో ఒకటి పోలిక లేని బాణీలు ఎన్నైనా కట్టొచ్చు. 'చివర్లో ఆదితాళం పెరిగింది' అన్నా దానికి ఒప్పే. ఆదితాళం 4+2+2, మొత్తం 8 అక్షరాల లెక్క (అక్షరమంటే ఇక్కడ తాళంలో ఒక కొలత). నిదానంగా వేసినా వడిగా వేసినా లెక్క మారదు, పెరిగేది కాలప్రమాణం, అంటే వేగం. 'గొడవ క్రెసెండోకు చేరింది' అన్నదీ దాటిపోయింది. క్రెసెండో అంటే నాదం మెల్లమెల్లగా పెరగడం. అది దారే గాని శిఖరం కాదు. అక్కడ 'తారస్థాయికి చేరింది' అంటే సరిపోయేది. నిక్కచ్చిగా చూస్తే మంద్ర, మధ్య, తార స్థాయిలు స్వరం ఎత్తుకు సంబంధించినవి, బిగ్గరతనానికి కాదు. అయినా వాడుకలో ఎప్పుడో కుదురుకున్న మాటను ఇప్పుడు తప్పుపట్టడం చాదస్తం.

పట్టనివాటికంటే, లేని తప్పు పట్టినవే ఎక్కువ చేటు. 'పల్లవికి మూడు సంగతులు వేశారు' అని రాస్తే 'మూడు విషయాలు చెప్పారు' అని మార్చమంటుంది. ఒకే పంక్తిని విడత విడతకూ మెరుగులు పెట్టి పాడే సంగతి దానికి తెలియదు. మృదంగం దెబ్బలను నోటితో పలికే 'సొల్లుకట్టు'నైతే ఏకంగా అమర్యాద కింద జమ కట్టింది. కచేరీలో మృదంగం లాంటి లయవాద్యాలు మాత్రమే వాయించే 'తని ఆవర్తనం' కాస్తా 'తన ఆవర్తనం' అవుతుంది.

దీనికి విరుగుడు సొంత పదాల పట్టిక. అయితే 'తని'ని ఒంటిగా చేర్చకూడదు; 'తన' బదులు పొరపాటున 'తని' అని కొట్టినా ఇక పట్టదు. సంధి చేసి 'తనియావర్తనం' అని చేర్చి, రాసేటప్పుడూ అలాగే రాయాలి. యాప్‌కు విభక్తులు తెలియవు, మాట మొత్తం అచ్చంగా కలిస్తేనే ఒప్పుకుంటుంది. అందుకని తనియావర్తనంలో, తనియావర్తనానికి, తనియావర్తనాన్ని అనే రూపాలను కూడా విడివిడిగా ఎక్కించాలి. విసుగు పనే, కానీ ఒక్కసారే.

'అన్నీ సరిచేయి' మీట మాత్రం ముట్టుకోవద్దు. కచేరీ సమీక్షలో మృదంగ విద్వాంసుడు 'తన ఆవర్తనం' వాయించేసి వెళ్లిపోతాడు.