తెలియని చెరువులకు ఒక రాత్రి వేట: మే నెల ఉపగ్రహ చిత్రాలు, మార్కర్ బెండు చాలాకాలం వాడాక

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గాలం వేసేవాళ్లకు చెరువులు బోలెడు. దొరకనిది సమయమే. శనివారం ఆఫీసు అయ్యాక బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. ఈ మధ్యలో, ఎప్పుడూ వెళ్లని ఊళ్లో, ఒకే గెడ్డ (వాగు) నీటితో ఒకదాని కింద ఒకటిగా నిండే నాలుగైదు చెరువుల్లో ఏది ఎంచుకోవాలో, దాని ఏ గట్టున కూర్చోవాలో తేల్చుకోవాలి. ఈ పనికి కొన్నేళ్లుగా నేను రెండింటిని నమ్ముకున్నాను. ఒకటి గూగుల్ ఎర్త్‌లో కనిపించే పాత వేసవి చిత్రాలు. రెండోది లోతు చూసే మార్కర్ బెండు, దానితో వాడే సీసం (అడుక్కి మునిగే బరువు), బ్రెయిడ్ (అల్లిన) దారం. మొదటిది ఉచితం. రెండోదానికి, ఇంట్లో పాత రాడ్, రీలు ఉంటే పెద్దగా ఖర్చు లేదు. బంగారు తీగ, బొచ్చె, శీలావతి లాంటి చేపల కోసం కొత్త చెరువుకు వెళ్లేవాళ్లు ఖరీదైన ఎర కొనేముందు ఈ రెండూ నేర్చుకుంటే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ముందు చిత్రాల సంగతి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిస్తే పాత తేదీల చిత్రాలు చూసే సదుపాయం ఉంది. చాలామంది చెరువు నిండుగా ఉన్న చిత్రం చూసి, ఎంత పెద్దదో లెక్కేసి బయల్దేరతారు. నేను నిండు చెరువును చూడను. ఏప్రిల్, మే నెలల చిత్రాలు ఎన్ని సంవత్సరాలవి దొరికితే అన్నీ చూస్తాను. మన వైపు చెరువులు ఎక్కువగా వాన మీద ఆధారపడ్డవి. మే నాటికి సగానికి పైగా ఎండిపోయి పశువులు మేస్తుంటాయి. అయితే ఒక గెడ్డ మీది నాలుగు చెరువుల్లో ఏదో ఒకదాని నడుమ ఏటా నల్లటి నీటి మచ్చ మిగిలే ఉంటుంది. నేను వెతికేది ఆ చెరువునే.

ఎండిపోయే చెరువుల్లో వానలు పడ్డాక చేప పిల్లల్ని వదులుతారు, నీళ్లు తగ్గేసరికి వల వేసి అంతా తీసేస్తారు. అక్కడ మీకు దొరికేది ఆ ఏడాది చేప, మహా అయితే కిలో. వేసవిలోనూ నీళ్లు నిలిచే చెరువులో కొన్ని చేపలు వలకు తప్పించుకుని రెండో ఏడు, మూడో ఏడు కూడా బతుకుతాయి. పెద్ద చేప కావాలంటే దానికి ఎదగడానికి ఏళ్లు కావాలి కదా. చెరువు విస్తీర్ణం ఈ సంగతి చెప్పదు. వంద ఎకరాల చెరువు మేలో మైదానంలా ఉండటం, దాని పైనున్న చిన్న చెరువులో నీళ్లు మిగలడం నేను చాలాసార్లు చూశాను.

మే చిత్రంలో ఇంకా చాలా కనిపిస్తుంది. గట్టు పోయడానికి లోపలి వైపు మట్టి తీసిన చోటు పొడుగ్గా గుంటలా ఉంటుంది. పాత గెడ్డ పారిన దారి పాములా మెలికలు తిరుగుతూ మదుము (తూము) వరకు వస్తుంది. వీటన్నిటికన్నా నాకు ఇష్టమైనవి ఉపాధి హామీ గోతులు. పూడిక తీసినప్పుడు కూలీలు చతురస్రాలుగా తవ్విన గోతులు, మధ్యలో కొలత కోసం వదిలిన మట్టి దిబ్బలు, దగ్గరగా తీసిన చిత్రంలో స్పష్టంగా తెలుస్తాయి. నీళ్లు నిండాక ఆ గోతుల అంచులు బంగారు తీగకు, ఎర్రమోసుకు మేత దొరికే చోట్లు. రాజాం దాటాక ఒక ఊళ్లో చెరువును వేలంలో పాడుకున్న సంఘం పెద్దాయనను "బాబాయ్, ఆ ఉత్తరం మూల లోతుందా?" అని అడిగితే, "ఉపాధోళ్లు గోతులు తీసీసినారు బాబూ, మా వలే అక్కడ తగులుతాది" అన్నాడు. వల తగిలే చోట చేప మిగులుతుంది. చిత్రంలో చూసింది, ఆయన నోట విన్నది ఒకటే అయినప్పుడు నేను ఇక ఆలోచించను.

ఈ చిత్రాలతో ఇబ్బందులూ ఉన్నాయి. కొన్ని ఊళ్లకు మంచి వేసవి చిత్రం ఒక్కటే ఉంటుంది, అదీ పాతది. ఆ తర్వాత చెరువులో ఇటుకల కోసం మట్టి తవ్వి ఉండొచ్చు, గోతులు పూడి ఉండొచ్చు. తాజా పరిస్థితి కోసం యూరప్ వాళ్ల సెంటినెల్-2 చిత్రాలు చూస్తాను. అవి ఉచితం, సుమారు ఐదు రోజులకొకసారి కొత్తవి వస్తాయి. వాటిలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు. నీళ్లు ఎంతవరకు ఉన్నాయో తెలుసుకోవడానికి అది చాలు, గొయ్యి చూడటానికి చాలదు. పైగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బే కనిపిస్తుంది. వేటకు ముందు వారం చిత్రం దొరికితే అదృష్టమే. గుర్రపు డెక్క ఏ మూలకు చేరిందో మాత్రం దీనిలో బాగా తెలుస్తుంది. ఆ ఒక్క కారణం చేతే దీన్ని వదల్లేదు.

ఇక మార్కర్ బెండు. దీని పని తీరు తేలిక. దారం చివర బాగా తేలే బెండు ఉంటుంది. సీసానికి ఉన్న రింగులోంచి దారం జారుతుంది. విసిరాక సీసం అడుక్కి చేరుతుంది, దారం బిగిస్తే బెండు కిందికి వచ్చి సీసానికి తగులుతుంది. అప్పుడు రీలు డ్రాగ్ (దారాన్ని పట్టి ఉంచే బిగింపు) వదులు చేసి, చేత్తో దారాన్ని అడుగు చొప్పున వదులుతూ లెక్కపెట్టాలి. బెండు పైకి వచ్చి కనిపించేసరికి ఎన్ని అడుగులు వదిలామో అదే లోతు. నేను రాడ్ పిడి మీద అడుగు దూరంలో రెండు చోట్ల ఎర్ర టేపు చుట్టుకున్నాను. రాత్రి హెడ్‌లైట్ వెలుగులో కూడా లెక్క తప్పదు.

నన్ను కట్టిపడేసింది లోతు లెక్క కూడా కాదు, సీసాన్ని అడుగున లాగుతుంటే చేతికి తెలిసే సమాచారం. అందుకే తంగూసు (నైలాన్ దారం) వద్దు, బ్రెయిడ్ దారమే కావాలి. తంగూసు సాగుతుంది, అడుగున జరిగేది చేతికి రాకముందే మింగేస్తుంది. బ్రెయిడ్ సాగదు. మెత్తటి బురదలో సీసం బరువుగా, నెమ్మదిగా కదులుతుంది, ఆపి మళ్లీ లాగితే ముందు పీకి తర్వాత వదులుతుంది. గట్టి గరప నేల మీద టకటకమని రాడ్ కొస దాకా తెలుస్తుంది. నాచులో మెల్లగా బిగుసుకుని ఒక్కసారిగా ఊడుతుంది. గొయ్యి అంచు దగ్గర సీసం ఆగిపోతుంది, గట్టిగా లాగితే ఎగిరి పైకొస్తుంది. ఆ ఆగిన చోటే నాకు కావాల్సింది. అక్కడ దారాన్ని రీలు క్లిప్‌కు పెట్టేసి, గట్టు మీద 12 అడుగుల ఎడంగా గుచ్చిన రెండు వెదురు పుల్లల చుట్టూ తిప్పి ఎన్ని చుట్లో రాసుకుంటాను. వేట రాడ్‌లకు కూడా అన్నే చుట్లు. ఇక చీకట్లో కూడా ఎర అదే చోట పడుతుంది, గాలి మారినా సరే.

కొత్త చెరువులో ఈ పని గంటన్నర తీసుకుంటుంది. ఒక్కరాత్రి వేటలో గంటన్నర అంటే చిన్న విషయం కాదని తెలుసు. నాతో వచ్చే మిత్రుడు మొదట్లో విసుక్కునేవాడు, వచ్చీరాగానే రెండు గాలాలు వేసేవాడు. ఇప్పుడు సీసం లాగే పని తనే అడిగి తీసుకుంటున్నాడు. మధ్యాహ్నం ఎండలో, చేప ఎలాగూ మేయని వేళ ఈ పని పెట్టుకుంటే నష్టం లేదు. సీసం చప్పుడుకు చేపలు చెదురుతాయని కొందరంటారు. పది, పదిహేను నిమిషాల్లో తిరిగొస్తాయని నా అనుభవం, అదీ నాలుగైదు అడుగుల కన్నా లోతున్న చోట. మోకాలి లోతు నీళ్లలో మాత్రం ఈ పని చేయొద్దు, అక్కడ నిజంగానే వెళ్లిపోతాయి.

లోపాల్లో మొదటిది, నాచు, తామర దట్టంగా ఉన్న చెరువుల్లో మార్కర్ పూర్తిగా పనికిరాదు. బెండు తూళ్లలో ఇరుక్కుని పైకి రాదు, లోతు తప్పు చూపిస్తుంది. అలాంటి చోట నేను దాన్ని సంచీలోంచి తీయను. రెండోది, ఆన్‌లైన్‌లో కొన్న ప్లాస్టిక్ బెండులోకి కొన్ని నెలలకే నీళ్లు చేరాయి. అతుకు దగ్గర పగులు. తేలే శక్తి తగ్గితే దారం బరువుకు బెండు పైకి రావడం ఆలస్యమవుతుంది, లోతు ఎక్కువగా కనిపిస్తుంది. తర్వాత గట్టి ఫోమ్‌తో చేసినది తీసుకున్నాను, రంగు పోయింది గానీ ఇప్పటికీ బాగా తేలుతోంది. మూడోది, బ్రెయిడ్ వేళ్లు కోస్తుంది. విసిరేటప్పుడు చూపుడు వేలికి తొడుగు తప్పనిసరి. 85 గ్రాముల దాకా సీసం మోసే రాడ్ కావాలి, చెరువులో వాడే తేలికపాటి టెలిస్కోపిక్ రాడ్‌తో ప్రయత్నిస్తే జాయింట్ విరుగుతుంది.

అడుగు తెలిశాక ఎర విషయంలో ఎక్కువ తర్జనభర్జన అక్కర్లేదు. బంగారు తీగ, ఎర్రమోసు అడుగున మేస్తాయి కాబట్టి గొయ్యి అంచున ఉడికించిన మొక్కజొన్న గింజలు, తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద. శీలావతి నడిమి నీళ్లలో, బొచ్చె పైనీళ్లలో తిరుగుతుంది. బొచ్చెకు గొయ్యి కన్నా గాలి నెట్టే ఒడ్డు ముఖ్యం, ఎందుకంటే అది తినే సన్నటి జీవులు గాలితో అటు చేరతాయి. బొచ్చె కోసమే వెళ్లేవాళ్లకు మార్కర్ సగం పనే చేస్తుందని చెప్పాలి. ఇంకో సంగతి: ముదురు ఆకుపచ్చ నీళ్లున్న చెరువులో తెల్లవారుజామున ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి, మేత ముట్టవు. అక్కడ నేను ఎండ పడ్డాక ఎనిమిది, తొమ్మిది నుంచే ఆశ పెట్టుకుంటాను.

పెద్ద జలాశయాల్లో రెండూ కొంచెం వేరుగా పనిచేస్తాయి. సువర్ణముఖి మీది మడ్డువలస జలాశయం వెనుక నీళ్లలో వేసవి చిత్రం అద్భుతంగా ఉపయోగపడింది. పాత పొలం గట్లు, బండి దారులు కూడా కనిపిస్తాయి. కానీ కాలువలకు నీళ్లు వదిలే రోజుల్లో మట్టం మారుతుంది, పోయిన నెల రాసుకున్న లోతులు ఈ నెల పనికిరావు. చుట్లు పనికొస్తాయి, అడుగులు మళ్లీ కొలవాల్సిందే. విశాఖకు తాగునీరు ఇచ్చే తాటిపూడి లాంటి చోట ముందు అనుమతి సంగతి కనుక్కుని వెళ్లాలి. ఊరి చెరువులైనా అంతే. చాలా చెరువులు మత్స్యకార సహకార సంఘం చేతిలోనో, పాట పాడుకున్నవాళ్ల చేతిలోనో ఉంటాయి. ఆ చేప వాళ్ల పెట్టుబడి. ముందురోజే ఫోన్ చేసి అడుగుతాను. ఉంచుకునే చేపకు తూకం వేసి డబ్బు కడతాను, మిగతావి తడి గుడ్డ మీద పెట్టి గాలం తీసి వదిలేస్తాను. ఇలా మాట నిలబెట్టుకుంటే రెండోసారి వాళ్లే గోతుల గురించి చెబుతారు.

ఉద్దానం వైపు, అంటే పలాస, మందస, వజ్రపుకొత్తూరు చెరువులకు వెళ్లేవాళ్లు చీకట్లో ఒంటరిగా జీడితోటల గుండా నడవొద్దు, ఎలుగుబంట్లు తిరుగుతాయి. అక్కడ నేను రాత్రి వేట పెట్టుకోను, పగలు చూసి వచ్చేస్తాను. అక్టోబరు, నవంబరులో వాతావరణ శాఖ హెచ్చరికలు చూడకుండా ఏ చెరువుకూ బయల్దేరను. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి.

దారానికి కట్టి విసిరే సోనార్ బంతులు ఇప్పుడు ఫోన్‌కు లోతు చూపిస్తున్నాయి. మిత్రుడిది కొన్నాళ్లు వాడాను. లోతు త్వరగా వస్తుంది, గోతి ఆకారం కూడా తెర మీద కనిపిస్తుంది. కానీ అడుగు గరపా బురదా అన్నది చేతికి తెలిసినంత నమ్మకంగా తెలియలేదు, ధర కూడా చాలా ఎక్కువ. పడవ మీద, పెద్ద జలాశయాల్లో వేటాడేవాళ్లకు అది సరే. గట్టు మీద కూర్చునే మనలాంటివాళ్లు ముందు ఒక రోజు ఇంట్లో కూర్చుని తాము వెళ్లాలనుకున్న చెరువుల మే చిత్రాలు చూడండి, అందుకు పైసా ఖర్చు లేదు. అది అలవాటయ్యాక ఫోమ్ బెండు, రెండు సీసం బరువులు, వంద మీటర్ల బ్రెయిడ్ కొనండి. ఒకే ఊరి చెరువులో ఏళ్లుగా వేటాడేవాళ్లకు మాత్రం వీటితో పనిలేదు, ఆ అడుగు వాళ్లకు ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది.