అమ్మాన్ నుంచి జెరాష్ ఒక రోజు ట్రిప్: కారు మీద కాదు, గైడ్ మీద డబ్బులు పెట్టండి

జోర్డాన్ వెళ్ళే మనవాళ్ళు చాలామంది పెట్రా, వాది రమ్, డెడ్ సీ చూసుకుని, జెరాష్‌ని టైముంటే చూద్దాంలే అని చివర్లో పడేస్తున్నారు, చూసొచ్చాక నాకైతే అది చాలా అన్యాయం అనిపించింది. రాజధాని అమ్మాన్ నుంచి ఉత్తరంగా 50 కిలోమీటర్ల లోపే, గంటలో వెళ్ళిపోవచ్చు, ఒక మొత్తం రోమన్ ఊరు వీధులు, గుళ్ళు, థియేటర్లు, డ్రైనేజీతో సహా అలాగే ఉంది. అమ్మానాన్న విజిట్ వీసా మీద దుబాయ్‌లో మా దగ్గరికి వచ్చినప్పుడు అక్కణ్ణుంచి అమ్మాన్ ప్లాన్ చేశాం. నాన్న హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైర్ అయ్యారు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఇద్దరూ శాకాహారులు. కాబట్టి గ్రూప్ టూర్ బస్సు మాకు కుదరదు, ప్రైవేటే అని ముందే ఫిక్స్ అయ్యాం.

బుకింగ్ దగ్గరే అసలు విషయం ఉంది, కొంచెం వివరంగా చెప్తాను. ప్రైవేట్ గైడెడ్ టూర్ అని రేటు చెప్పేవాళ్ళలో చాలామంది ఇచ్చేది ఇంగ్లీషు మాట్లాడే డ్రైవర్ని, గైడ్‌ని కాదు. డ్రైవర్ గేటు దాకా వస్తాడు, దారిలో నాలుగు మాటలు చెప్తాడు, లోపలికి రాడు, ఎందుకంటే అక్కడ లోపల గైడ్‌గా చెయ్యాలంటే లైసెన్స్ ఉండాలి. మేం ఒక ఏజెన్సీని అడిగితే జెరాష్, అజ్లూన్ కోట, ఇంకా ఉత్తరాన ఉన్న ఉమ్ కైస్ శిథిలాలు మూడూ ఒకే రోజు, పెద్ద వ్యాన్, లంచ్‌తో కలిపి మనిషికి ఇంత అని చెప్పారు, జెరాష్ లోపల మాతో ఎవరు నడుస్తారు అని అడిగితే మాత్రం సూటిగా సమాధానం రాలేదు. అది వదిలేసి మేం ఉన్న అపార్ట్‌మెంట్ వాళ్ళు చెప్పిన డ్రైవర్‌తో మామూలు సెడాన్ కారు రోజంతా 60 దీనార్లకి మాట్లాడుకున్నాం, జెరాష్ విజిటర్ సెంటర్ దగ్గర లైసెన్స్ ఉన్న లోకల్ గైడ్‌ని 25 దీనార్లకి తీసుకున్నాం. ఒక దీనార్ అంటే 1.41 డాలర్లు, దిర్హమ్స్‌లో ఐదు పైచిలుకు, చిన్న నంబరు చూసి చవక అనుకోవద్దు, ప్రతిదీ లెక్కేసుకోవాలి. అయినా ఆ 25 దీనార్లు ఆ ట్రిప్ మొత్తంలో పెట్టిన ఖర్చుల్లో అన్నిటికన్నా విలువైనవి.

బడ్జెట్‌లో వెళ్ళాలంటే అమ్మాన్ నార్త్ బస్‌స్టాండ్, అదే తబర్‌బూర్ నుంచి మినీబస్సులు వెళ్తాయి, చాలా తక్కువ ఖర్చు, కాకపోతే నిండితేగానీ కదలవు. కుర్రాళ్ళు నలుగురు కలిసి వెళ్తే అదే బెస్ట్, మిగిలిన డబ్బుతో గైడ్‌ని పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళు ఉంటే మాత్రం కారే.

టికెట్ విషయం కూడా. జెరాష్ ఒక్కదానికి విదేశీయులకి 10 దీనార్లు తీసుకుంటున్నారు. పెట్రా కూడా చూసేవాళ్ళయితే జోర్డాన్ పాస్ ముందే ఆన్‌లైన్లో కొనేసుకోండి, పెట్రాలో ఎన్ని రోజులు అనేదాన్ని బట్టి 70 నుంచి 80 దీనార్లు, జెరాష్, అజ్లూన్ కోట అన్నీ అందులోనే వచ్చేస్తాయి, పైగా కనీసం మూడు రాత్రులు ఉంటే 40 దీనార్ల వీసా ఫీజు కూడా తీసేస్తారు. దేశంలో దిగకముందే కొనాలి, దిగాక కొంటే ఆ వీసా లాభం రాదు.

ఉదయం ఏడున్నరకే బయల్దేరాం, ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే లోపల నీడ దాదాపు లేదు, పది దాటాక టూర్ బస్సులు కూడా వచ్చేస్తాయి. ముందుగా కనిపించేది హాడ్రియన్ ఆర్చ్, చక్రవర్తి హాడ్రియన్ క్రీ.శ. 129-130 చలికాలంలో ఈ ఊరికి వచ్చినప్పుడు ఆయన గౌరవార్థం కట్టారు. మామూలుగా అందరూ అక్కడ ఫోటో తీసుకుని ముందుకెళ్ళిపోతారు, మా గైడ్ మాత్రం అమ్మని ఒక రాయి మీద కూర్చోబెట్టి స్తంభాల అడుగున చూడమన్నాడు, పై భాగంలో ఉండాల్సిన ఆకుల చెక్కడం కింద మొదట్లో కూడా ఉంది. ఊరి గేటు ఇంకా లోపలుంది కదా, ఆర్చ్ ఇంత బయట ఎందుకుంది అని నాన్న అడిగారు, ఊరిని ఇక్కడిదాకా పెంచుదామని అనుకున్నారట, అది జరగలేదు. ఆ ఒక్క ప్రశ్నతో గైడ్‌కి మా నాన్న సంగతి అర్థమైపోయింది, అక్కణ్ణుంచి బట్టీ పట్టిన పాఠం ఆపేసి నిజంగా మాట్లాడటం మొదలుపెట్టాడు.

పక్కనే రథాల పందేల మైదానం, 245 మీటర్ల పొడవు, 15 వేల మంది కూర్చునేవాళ్ళట. దాన్ని త్వరగా దాటేసి సౌత్ గేట్ నుంచి లోపలికి వెళ్ళాం. అక్కడే ఓవల్ ప్లాజా. గుండ్రంగా కాదు, చతురస్రం కాదు, కోడిగుడ్డు ఆకారంలో పెద్ద ఖాళీ స్థలం, దాదాపు 90 మీటర్లకి 80, చుట్టూ స్తంభాల వరస. పక్కనున్న జ్యూస్ దేవుడి గుడి ఒక దిక్కున, మెయిన్ రోడ్డు ఇంకో దిక్కున తిరిగి ఉన్నాయి, ఆ రెండిటి మధ్య వంకర కనపడకుండా ఈ ఆకారం వేశారని గైడ్ చెప్పాడు, చెప్పాక అక్కడే నిలబడి రెండు వైపులా చూస్తే అది కళ్ళకి తెలుస్తుంది, చెప్పకపోతే ఎవరికీ తట్టదు. మధ్యలో ఉన్న స్తంభం మాత్రం ఈ కాలందే, ఇక్కడ వేసవిలో జరిగే జెరాష్ ఫెస్టివల్ జ్యోతి కోసం పెట్టింది.

సౌత్ థియేటర్ దగ్గర మేం ఎక్కువ సేపు ఉన్నాం. మొదటి శతాబ్దం చివర్లో, రోమన్ చక్రవర్తి డొమిషియన్ కాలంలో కట్టింది, మూడు వేల మందికి పైగా పడతారు. కింది వరస సీట్ల మీద గ్రీకు అక్షరాల్లో నంబర్లు ఉన్నాయి, అంటే అప్పట్లోనే రిజర్వుడు సీట్లు. కింద నేల మధ్యలో ఒక రాయి ఉంది, దాని మీద నిలబడి మామూలుగా మాట్లాడితే మన గొంతు మనకే పెద్దదై తిరిగొస్తుంది, ఒక్క అడుగు పక్కకి జరిగితే మళ్ళీ మామూలే. ఇంకోటి ఉంది, మొదటి వరస కింది గోడలో చిన్న చిన్న గూళ్ళు ఉన్నాయి, గైడ్ అమ్మని ఒక చివర గూటి దగ్గర, నన్ను ఎదురు చివర కూర్చోబెట్టి గోడకేసి మెల్లగా మాట్లాడమన్నాడు. “టాబ్లెట్ వేసుకున్నావా అమ్మా” అన్నాను, “వేసుకున్నాలే” అని చెవి దగ్గర మాట్లాడినట్టు వచ్చింది, మధ్యలో అంత దూరం ఉంది మరి. నాన్న అయితే ఆ మాట వినగానే “మన అనుపులో కూడా ఇలాగే వినపడుతుంది” అన్నారు, నిజమే, నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంనాటి మెట్ల రంగస్థలం తవ్వకాల్లో బయటపడితే, డ్యామ్ నీళ్ళలో మునిగిపోకుండా అనుపుకి తరలించి మళ్ళీ కట్టారు, స్కూల్ పిల్లల్ని నాన్న అక్కడికి తీసుకెళ్ళేవారు. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయని నాన్న గైడ్‌కి చెప్తుంటే అతను ఫోన్ తీసి ఆ పేరు రాసుకున్నాడు. గ్రూప్ టూర్లో ఈ సంభాషణకి టైమెక్కడిది.

అదే థియేటర్లో సైనిక దుస్తుల్లాంటివి వేసుకుని కొందరు బ్యాగ్‌పైపులు, డోలు వాయిస్తారు, బ్రిటిష్ వాళ్ళ కాలంలో జోర్డాన్ సైన్యానికి అబ్బింది ఈ వాద్యం. చాలా బాగా వాయించారు, టిప్ ఆశిస్తారు, ఒకటి రెండు దీనార్లు చిల్లర దగ్గర పెట్టుకోండి.

తర్వాత కార్డో, అంటే ఊరి మెయిన్ రోడ్డు, 800 మీటర్ల పొడవునా రెండు పక్కలా స్తంభాలు. వేసిన రాళ్ళు అప్పటివే, బళ్ళ చక్రాలు తిరిగి తిరిగి పడిన గాడులు రాళ్ళల్లో స్పష్టంగా ఉన్నాయి, కిందంతా డ్రైనేజీ, అక్కడక్కడా రాతి మూతలు కనిపిస్తాయి. ఈ రోడ్డు మీద మంచి గ్రిప్ ఉన్న బూట్లు లేకపోతే చాలా కష్టం, రాళ్ళు ఎగుడుదిగుడు, నున్నగా అరిగి ఉన్నాయి. అమ్మ చెప్పులతో వస్తానంటే వద్దని స్పోర్ట్స్ షూస్ వేయించాం, చాలా మంచిదైంది. రోడ్డు పక్కనే నింఫేయం, 191లో కట్టిన పబ్లిక్ ఫౌంటెన్, సింహం తలల నోట్లోంచి నీళ్ళు పడేవి. దాని ముందు నీళ్ళు కారే చోట రాతి మీద మూతులు కలుపుకున్న చేపలు చెక్కారు, చేపల కళ్ళే నీళ్ళు పోయే చిల్లులు. అరచేతి అంత బొమ్మ, ఎవరో చూపిస్తేనే కనపడేది.

ఆర్టెమిస్ అనే గ్రీకు దేవత గుడికి మెట్లు ఎక్కాలి, అమ్మ కింద నీడలో కూర్చుంటానంది, గైడ్ మాత్రం చుట్టు తిరిగి వెళ్తే మెట్లు తగ్గుతాయని పక్క దారిలో తీసుకెళ్ళాడు. రెండో శతాబ్దంలో కట్టిన ఈ గుడిలో 12 స్తంభాల్లో 11 ఇంకా నిలబడి ఉన్నాయి. గైడ్ జేబులోంచి స్పూన్ తీసి ఒక స్తంభం అడుగున సందులో పెట్టాడు, గాలికి స్పూన్ పైకీ కిందకీ మెల్లగా ఊగుతోంది, అంటే అంత ఎత్తు స్తంభం కదులుతోందన్నమాట. అలా కొంచెం కదిలేలా ఉండటం వల్లే భూకంపాలకి పడిపోలేదని చెప్పాడు. 749లో వచ్చిన పెద్ద భూకంపంలో ఊరు చాలావరకు కూలిపోయింది, తర్వాత మెల్లగా జనం తగ్గిపోయి మట్టిలో కూరుకుపోయింది, 1806లో సీట్జెన్ అనే జర్మన్ యాత్రికుడు వచ్చాక బయట ప్రపంచానికి మళ్ళీ తెలిసింది. గుడి వెనక చర్చిల శిథిలాలు ఉన్నాయి, అందులో ఫీజు తీసుకోకుండా వైద్యం చేసిన అన్నదమ్ములు కాస్మాస్, డామియన్ పేరున ఉన్న దాంట్లో 533 నాటి మొజాయిక్ నేల పై నుంచి చూడొచ్చు. ఎండలో అక్కడిదాకా ఓపిక ఉంటేనే వెళ్ళండి.

మొత్తం మూడు గంటలు పైనే పట్టింది. గైడ్ రెండు గంటలకే ఒప్పుకున్నాడు, ఒక్కసారి కూడా వాచీ చూసుకోలేదు, చివర్లో మేమే ఇంకో 10 దీనార్లు ఇచ్చాం.

లంచ్ దగ్గర మాత్రం నచ్చలేదు. డ్రైవర్ తీసుకెళ్ళిన రెస్టారెంట్లో కూర్చోగానే అడక్కుండానే నీళ్ళ బాటిళ్ళు, తడి టిష్యూలు, బ్రెడ్డు అన్నీ టేబుల్ మీదకొచ్చాయి, అన్నీ బిల్లులో కూడా వచ్చాయి. సెట్ మెనూ తీసుకోమని ఒత్తిడి పెట్టారు, అందులో సగం మాంసమే. మేం గట్టిగా వద్దని విడివిడిగా హమ్మస్, ఫత్తూష్, ఫలాఫెల్, ముతబ్బల్ చెప్పాం. ముతబ్బల్ అంటే కాల్చిన వంకాయని నువ్వుల ముద్దతో కలిపింది, మన వంకాయ బండ పచ్చడిలో కారం తీసేసినట్టుంటుంది, అమ్మకి అదొక్కటే బాగా నచ్చింది, బ్యాగ్‌లోంచి కందిపొడి తీసి దానిమీద చల్లుకుంది. రుచి బాగానే ఉంది, రేటు మాత్రం అమ్మాన్ డౌన్‌టౌన్‌లో తిన్నదానికి రెట్టింపు పైన. జెరాష్ ఊర్లో మామూలు ఫలాఫెల్ కొట్టు దగ్గర ఆపమని డ్రైవర్‌కి పొద్దున్నే చెప్పేయండి, ఆ తర్వాత సావనీర్ షాపుల దగ్గర ఆపొద్దని కూడా అప్పుడే చెప్పండి, మేం అది చెప్పాం, అతను మర్యాదగా విన్నాడు.

మధ్యాహ్నం అజ్లూన్ కోట. 1184లో సలాదిన్ సేనాని ఇజ్జుద్దీన్ ఉసామా కట్టించాడు, పైనుంచి జోర్డాన్ లోయంతా కనపడుతుంది. లోపల మెట్లు ఎక్కువ, వెలుతురు తక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి వద్దు. 2023లో మొదలైన కేబుల్ కార్ అక్కడుంది, పెద్దవాళ్ళకి కోట కన్నా అదే హాయి, కొండల మీద ఓక్ చెట్ల అడవి జోర్డాన్‌లో ఉంటుందని ఎవరం అనుకోలేదు. ఉమ్ కైస్ వదిలేయడం వందకి వంద శాతం కరెక్ట్, అది ఇంకా ఉత్తరాన సరిహద్దు దగ్గర ఉంది, అది కూడా పెట్టుకుంటే జెరాష్‌లో గంటన్నరకి మించి ఉండనివ్వరు.

ఉండటానికి అమ్మాన్‌లో రెండు రకాల చోట్లు చూశాం. డౌన్‌టౌన్ హోటళ్ళు చవక, రోమన్ థియేటర్ నడిచే దూరం, తిండి ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, కానీ చాలా వాటికి లిఫ్ట్ ఉండదు, రాత్రి పొద్దుపోయేదాకా హారన్ల మోత. మేం జబల్ అమ్మాన్‌లో కిచెన్ ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, రేటు ఎక్కువే, అయినా ట్రిప్ నుంచి వచ్చాక అన్నం, చారు పెట్టుకుని తింటే నాన్నకి ప్రాణం లేచొచ్చింది. నగరం అంతా కొండలే, మ్యాప్‌లో పది నిమిషాల నడక అని చూపించేది నిజానికి వంద మెట్లు, అది చూసుకుని బుక్ చేసుకోండి. ఊళ్ళో తిరగడానికి ఉబర్, కరీమ్ రెండూ పనిచేస్తాయి, మీటర్ గొడవ ఉండదు.

నెలల విషయానికొస్తే మార్చి, ఏప్రిల్, అక్టోబర్, నవంబర్ మంచివి. జూలై, ఆగస్టు వైపు ఎండ సంగతి అలా ఉంచి, 1981 నుంచి జరుగుతున్న జెరాష్ ఫెస్టివల్ సాధారణంగా అప్పుడే ఉంటుంది, థియేటర్‌లోనూ ఓవల్ ప్లాజాలోనూ స్టేజీలు, లైట్లు, కుర్చీలు వేసేస్తారు. సాయంత్రం కచేరీ కోసమే వెళ్తే అది వేరు, శిథిలాలు చూడాలనుకుంటే ఆ తేదీలు ముందే చెక్ చేసుకుని టికెట్లు కొనండి. గైడ్‌కి, డ్రైవర్‌కి ఇద్దరికీ క్యాషే ఇవ్వాల్సి వచ్చింది, జెరాష్ బయల్దేరే ముందే అమ్మాన్‌లో డబ్బులు డ్రా చేసి పెట్టుకోండి.