జామెట్రీ బాక్సులో హెడ్‌ఫోన్ ఆంప్: ఏడేళ్లు వాడాక

ఆంప్లిఫయర్ సరిగా ఉందో లేదో తేల్చడానికి నా దగ్గర పెద్ద పరికరాలేం లేవు. ఘంటసాల పాట ఒకటి పెడతాను. ఆ యాభైలు, అరవైల నాటి రికార్డింగులు మోనో. రెండు చెవుల్లోకీ వచ్చేది ఒకటే కాబట్టి గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. 2018లో నేను మొదటిసారి కట్టిన ఆంప్‌లో ఆయన నేరుగా వెళ్లి ఎడమ చెవిలో కూర్చున్నారు. ఎందుకో కనుక్కోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

అసలు ఆంప్ గోల ఎందుకు మొదలైందంటే, ఆ ఏడాది సెకండ్‌హ్యాండ్‌లో బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో కొన్నాను. 250 ఓమ్‌ల రకం, అంటే కరెంటుకి అడ్డు ఎక్కువ. ఫోనుకి తగిలిస్తే సినిమా పాటలు ఫరవాలేదు. కచేరీ రికార్డింగులు పెడితే మాత్రం పీలగా వినపడేది. సినిమా పాట మొదటి నుంచి చివరి దాకా ఇంచుమించు ఒకే మోతాదులో నడుస్తుంది. కచేరీ అలా కాదు. ఆలాపన ఎక్కడో కింద, తని ఆవర్తనంలో, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టంలో, దెబ్బ ఎక్కడో పైన. ఆ దెబ్బకి చోటు వదిలి రికార్డు చేస్తారు గనక ఆలాపన వినపడాలంటే వాల్యూమ్ పెంచాలి. పెంచుదామంటే ఫోనులో ఇంక మెట్లు లేవు.

లెక్క చాలా చిన్నది. ఈ హెడ్‌ఫోన్‌కి ఒక మిల్లీవాట్ ఇస్తే 96 డెసిబెల్స్ అని కంపెనీ చెబుతుంది. 250 ఓమ్‌లలో ఒక మిల్లీవాట్ అంటే అర వోల్టు. నా ఫోను ఇచ్చేదీ దాదాపు అంతే. మృదంగం దెబ్బ 110 డెసిబెల్స్ దాకా చిట్లకుండా రావాలంటే ఇంకో 14 కావాలి, అంటే వోల్టేజీ ఐదింతలు. రెండున్నర వోల్టులు, పది మిల్లీఆంప్‌లు. అంతే. ఐదు రెట్లు పెంచే చిన్న పెట్టె ఉంటే నా పని అయిపోతుంది. ఇదే 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ అయితే ఆ పెట్టె కూడా అక్కర్లేదు, ఫోనే ఎక్కువ.

ఈ లెక్క నేను మొదట వేయలేదు. అందరిలాగే ఏ ఐసీ (శబ్దాన్ని పెంచే చిప్) మంచిది అనే చోట మొదలుపెట్టాను.

మొదట కట్టింది సీమోయ్. చూ మోయ్ అనే ఆయన 1990ల చివర్లో అందరికీ ఇచ్చేసిన డిజైన్. ఒక డ్యూయల్ ఆప్-ఆంప్ (వోల్టేజీ పెంచే సర్క్యూట్లు రెండు ఉన్న ఐసీ, చెవికొకటి), తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు. బ్యాటరీని రెండు రెసిస్టర్లతో సగానికి చీల్చి, మధ్యలో వచ్చిన నాలుగున్నర వోల్టుల చోటునే గ్రౌండ్, అంటే సున్నా, అనుకోమంటుంది ఆ సర్క్యూట్. అమెరికాలో వాళ్లు పిప్పరమెంటు బిళ్లల రేకు డబ్బాలో కట్టుకుంటారు. మా ఇంట్లో ఆ సైజు రేకు డబ్బా అంటే నా పదో తరగతి జామెట్రీ బాక్సే.

సామాన్లకి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. అక్కడ ఆప్-ఆంప్ అని అడిగితే ఏం కావాలి అన్నట్టు చూస్తారు, నంబరు చెబితే చటుక్కున తీసిస్తారు. జీరో పీసీబీ, ఎనిమిది కాళ్ల ఐసీ బేస్, 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, స్టీరియో వాల్యూమ్ కంట్రోల్, జాక్‌లు, కాస్త లెడ్డు, ఫ్లక్స్. ఆరువందల లోపే. ఐసీ బేస్ మాత్రం తప్పకుండా తీసుకోండి. ఐసీని నేరుగా బోర్డుకి అతికేస్తే తర్వాత పీకడం పీడకల.

ఐసీని మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించాను, ఓపీఏ2134. అది నకిలీ. ఎలా తెలిసిందంటే, ఆ ఐసీ ఊరికే ఉన్నప్పుడు కూడా ఎనిమిది మిల్లీఆంప్‌లు తాగుతుందని డేటాషీట్‌లో ఉంది. చీల్చే రెసిస్టర్లది ఇంకొకటి. ఎల్‌ఈడీ తీసేసి బ్యాటరీ తీగలో మల్టీమీటర్ పెడితే తొమ్మిది రావాలి. నాలుగున్నర వచ్చింది. అంటే ఇరవై రూపాయల జేఆర్‌సీ4558 లాంటి దాన్ని తీసుకుని పైన పేరు మార్చి అచ్చేశారన్నమాట. అయితే ఒప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. అది నకిలీ అని మీటర్ చెప్పేదాకా నా చెవి పట్టుకోలేదు.

ఇక జామెట్రీ బాక్సు చేసిన పని. మామూలు ఆంప్‌లో అన్ని జాక్‌ల బయటి లోహం గ్రౌండే గనక రేకు పెట్టెకి తగిలినా నష్టం లేదు. సీమోయ్‌లో ఆడియో జాక్‌ల లోహం మధ్య చోటుకి, అంటే ఆ నాలుగున్నర వోల్టులకి కలిసి ఉంటుంది. బ్యాటరీకి బదులు వాడే అడాప్టర్ జాక్ లోహమేమో బ్యాటరీ మైనస్‌కి. రెండూ రేకుకి బిగిస్తే మధ్య చోటు, మైనస్ ఒక్కటైపోతాయి. ఐసీకి కింది సగం సరఫరా ఉండదు, అవుట్‌పుట్‌లో డీసీ, అంటే పాటతో పనిలేని కదలని వోల్టేజీ, నిలబడిపోతుంది. నేను ఆ రెండూ బిగించాను, మూత పెట్టాను, ఇయర్‌ఫోన్ గుచ్చాను. టప్ మని ఒక శబ్దం, తర్వాత కాలిన వాసన. నాలుగొందల ఇయర్‌ఫోన్ కాబట్టి బతికిపోయాను.

అప్పటి నుంచి ఏ ఆంప్ కట్టినా ముందు పాట ఏమీ పెట్టకుండా అవుట్‌పుట్ జాక్‌లో రెండు పక్కలా డీసీ కొలుస్తాను. ఇరవై మిల్లీవోల్టుల లోపు ఉంటే సరే. తర్వాత పారేసే ఇయర్‌ఫోన్‌తో పది నిమిషాలు. ఆ తర్వాతే మంచిది బయటికి తీయడం. అడాప్టర్ జాక్‌ని ప్లాస్టిక్‌ది మార్చేశాను.

పాట వచ్చింది. ఘంటసాల ఎడమ చెవిలో.

ఐసీ మార్చాను, అసలైన ఓపీఏ2134 వేశాను, ఎన్‌ఈ5532 అనే ఇంకో ఐసీ వేశాను. కెపాసిటర్లు మార్చాను. ఆయన కదల్లేదు. ఒకరోజు యథాలాపంగా వాల్యూమ్ ఎక్కువ తిప్పితే గొంతు నెమ్మదిగా మధ్యలోకి నడిచి వచ్చింది. అప్పుడు వెలిగింది. స్టీరియో వాల్యూమ్ కంట్రోల్‌లో రెండు పట్టీలు ఉంటాయి. మొదట్లో, అంటే దాదాపు పూర్తిగా తగ్గించి ఉన్న చోట, రెండూ ఒకేలా నడవవు. మధ్యకి వచ్చేసరికి సర్దుకుంటాయి. సీమోయ్ అసలు డిజైన్‌లో గెయిన్, అంటే వోల్టేజీని పెంచే మోతాదు, 11 రెట్లు. అంత గెయిన్‌కి నేను నాబ్‌ని వేలెడు కూడా తిప్పకుండానే చెవులు గింగురుమనేవి, అందుకే ఎప్పుడూ ఆ పాడు చోటులోనే వింటున్నాను. అప్పుడు కూర్చుని పైన చెప్పిన లెక్క వేశాను. కావలసింది ఐదు.

గెయిన్‌ని నిర్ణయించేవి రెండు రెసిస్టర్లు, పది కిలో ఓమ్‌లది, ఒక కిలో ఓమ్‌ది. పదిని ఒకటితో భాగించి ఒకటి కలిపితే 11. ఆ ఒకటి తీసి 2.2 వేశాను, ఐదున్నర వచ్చింది. రెండు పక్కలకీ కలిపి ఖర్చు రెండు రూపాయలు. నాబ్ సగం దాకా తిరిగింది, వెనకాల బుస్ మనే శబ్దం తగ్గింది, ఘంటసాల తల మధ్యకి వచ్చారు. మూడు ఐసీలు చేయలేని పని.

ఏడాది వాడాక సీమోయ్ హద్దు తెలిసింది. తొమ్మిది వోల్టులు చీలిస్తే అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర. ఆ ఐసీ పూర్తిగా అంచు దాకా పోలేదు కాబట్టి వచ్చేది రెండు వోల్టుల పైచిలుకు. కొత్త బ్యాటరీతోనే నా రెండున్నర అందదు, అది ఏడు వోల్టులకి దిగాక మృదంగం దెబ్బ రేకు డబ్బా మీద కొట్టినట్టు చిట్లేది. రోజుకి గంటన్నర వింటే మామూలు బ్యాటరీ రెండు వారాలు, ఆల్కలైన్ అయితే నెల.

అందుకే 2019లో ఓ2 కట్టాను. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో రాసే ఒకాయన కొలతలతో సహా బయటపెట్టిన డిజైన్. ఎవరైనా కట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మార్చి మాత్రం పంచకూడదని షరతు. ఆ మరుసటి ఏడు ఆయన రాయడం ఆపేసి మాయమైపోయాడు, ఎవరో నేటికీ బయటపడలేదు. ఆయన ఎంచుకున్న ఐసీలు చూస్తే ఆడియో మోజుగాళ్లు ముఖం చిట్లిస్తారు. చివరి దశలో ఎన్‌జేఎం4556ఏ, చవక ఐసీ, కానీ కాలువ పెద్దది: ఒక్కో సగం 70 మిల్లీఆంప్‌ల దాకా తోస్తుంది. ఒక్కో చెవి పక్కకి రెండు సగాలు జోడించి, ఒక్కోదాని అవుట్‌పుట్‌లో ఒక ఓమ్ రెసిస్టర్ పెట్టాడు. అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే ఆంప్ సొంత అడ్డు, అర ఓమ్ దగ్గర పడుతుంది, ఏ ఇయర్‌ఫోన్ పెట్టినా దాని గుణం మారదు. కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, బ్యాటరీ ఒకటి చస్తే ఏమవుతుంది, ఇవన్నీ ఆలోచించాకే ఐసీ దగ్గరికి వచ్చాడని సర్క్యూట్ చూస్తేనే తెలుస్తుంది.

బోర్డు, సామాన్లు, అల్యూమినియం పెట్టె, కొరియరుతో కలిపి అయిదు వేలు దాటింది. సోల్డరింగ్ రెండు సాయంత్రాలు. జాగ్రత్త పడాల్సిన చోట్లు రెండే. వోల్టేజీని 12 దగ్గర నిలిపే రెగ్యులేటర్లు 7812 (ప్లస్), 7912 (మైనస్) చూడ్డానికి కవలలు, కాళ్ల వరుస మాత్రం వేరు. స్విచ్చుల్లా పనిచేసే రెండు మాస్‌ఫెట్లూ అంతే, ఒకటి ఎన్ రకం, ఒకటి పీ రకం. నంబరు చదివి, ఇంకోసారి చదివి, అప్పుడు వేడి పెట్టండి.

మన దగ్గర అసలు తిప్పలు అడాప్టర్‌తో. ఓ2కి డీసీ పనికిరాదు, ఏసీ ఇచ్చే అడాప్టర్ కావాలి. లోపలికి వచ్చిన ఏసీలో పై సగాన్ని ఒక డయోడ్ ప్లస్ సరఫరాకి, కింది సగాన్ని ఇంకో డయోడ్ మైనస్ సరఫరాకి తీసుకుంటాయి. బజారులో దొరికేవన్నీ డీసీ అడాప్టర్లే. చివరికి 15-0-15, 500 మిల్లీఆంప్‌ల ట్రాన్స్‌ఫార్మర్ కొని, మధ్య తీగ, ఒక చివరి తీగ మాత్రం వాడుకుని, ప్రైమరీ వైపు ఫ్యూజు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించాను. 230 వోల్టులతో పని అలవాటు లేనివాళ్లు ఈ ఒక్క ముక్కా తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోండి. ఒకసారి మా బావమరిది వైఫై రూటర్ అడాప్టర్ తెచ్చి దీనికి గుచ్చాడు. అప్పుడు లోపల బ్యాటరీలు కూడా లేవు. సరఫరాలు రెండూ ఉంటేనే తెరుచుకునే కాపలా సర్క్యూట్ ఒకటి ఉంది లోపల; ఒకటే వచ్చేసరికి అసలు తెరుచుకోలేదు. వెలగలేదు, కాలలేదు.

ఆరేళ్లలో దీంతో ఒక్కసారే బెంబేలెత్తాను. ల్యాప్‌టాప్‌కి కొత్తగా ఒక డాక్ (ఆడియో జాక్ కూడా ఉండే పెట్టె) కొని తగిలిస్తే, వాల్యూమ్ తక్కువలోనే గొంతు గరగరలాడింది. ఐసీ పోయిందనుకున్నాను. సంగతేమిటంటే ఓ2లో పెంచడం ముందు, వాల్యూమ్ తర్వాత. డాక్ ఇచ్చేది రెండు వోల్టులు. గెయిన్ మీట ఆరున్నర రెట్ల మీద ఉండిపోయింది. రెండు ఆరున్నరలు పదమూడు, సరఫరాయేమో పన్నెండు. నాబ్ దాకా రాకముందే చితికిపోయిన పాటని నాబ్ తగ్గించి ఏం లాభం? మీట రెండున్నర రెట్ల మీదకి నొక్కాను, అయిపోయింది.

మెచ్చుకోవాల్సింది కరెంటు పోయినప్పుడు. రెండు తొమ్మిది వోల్టుల రీచార్జబుల్ బ్యాటరీలు లోపలే ఉంటాయి. ఫ్యాను ఆగుతుంది, ట్యూబ్‌లైట్ ఆరుతుంది, పాట ఆగదు. ఏడెనిమిది గంటలు నడుస్తుంది. ఆ బ్యాటరీలు మూడేళ్లకి పోయాయి, మార్చాను. తిట్టుకోవాల్సింది ముందు పలక: పవర్, ఇన్‌పుట్, హెడ్‌ఫోన్ మూడు తీగలూ ముందు నుంచే. బల్ల మీద ఆక్టోపస్ కూర్చున్నట్టు ఉంటుంది. నాలుగో ఏడు నుంచి నాబ్ తిప్పితే కరకర, కాంటాక్ట్ క్లీనర్ కొడితే ఓ ఏడాది ఊరుకుంటుంది.

ఓపీఏ2134, ఎన్‌ఈ5532 పందెం కూడా ఒకటి జరిగింది, సీమోయ్‌లోనే. మా తమ్ముడు నాకు కనపడకుండా ఐసీ మార్చడం, నేను కనిపెట్టడం. పదిసార్లలో ఆరు కరెక్టు. బొమ్మా బొరుసా వేసినా ఇంచుమించు అన్నే వచ్చేవి.

ఇప్పుడు కొత్తగా ఎవరైనా అడిగితే, డబ్బు మిగుల్చుకోవడానికి కట్టొద్దని చెబుతాను. జేడీఎస్ ల్యాబ్స్ ఆటమ్ లాంటివి 2018లోనే 99 డాలర్లకి వచ్చాయి, కొలతల్లో ఓ2 కంటే మెరుగు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం సరదా అయితే సీమోయ్‌తో మొదలుపెట్టండి, 2.2 రెసిస్టర్ మొదటి రోజే వేసుకోండి.

నా సీమోయ్ ఇప్పుడు నాన్న దగ్గర ఉంది. మొన్న ఫోన్ చేసి, "ఒరేయ్, నీ డబ్బా పాడైంది. ఘంటసాల కుడి పక్కకి పోతున్నాడు" అన్నారు. ఆదివారం వెళ్లి విప్పాను, కొలిచాను, రెండు పక్కలా సమానం. హెడ్‌ఫోన్‌ని తిరగేసి పెట్టుకోమన్నాను, కుడిది ఎడమకి. తప్పు డబ్బాలో ఉంటే గొంతు కూడా అటు మారాలి. మారలేదు, కుడి పక్కనే ఉంది. చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఎడమ చెవిలో గులిమి. ఐదు నిమిషాల్లో తీసేశారు.


"డబ్బా బాగుంది గానీ," అన్నారు నాన్న ఆ సాయంత్రం, "సౌండు కొంచెం ఎక్కువైందిరా."