399 రూపాయల కాటా, మా వీధి చేతివాటం

ఆన్‌లైన్‌లో 399 రూపాయలు పెట్టి, వేలాడదీసి తూచే డిజిటల్ కాటా కొన్నాను. పిడికిలి అంత ఉంటుంది. కింద కొక్కెం, పైన పట్టుకోవడానికి పిడి. 50 కిలోల దాకా తూస్తుందని, 10 గ్రాముల తేడా కూడా చూపిస్తుందని పెట్టె మీద రాశారు. విమానం ఎక్కేవాళ్లు సూట్‌కేసులు తూచుకోవడానికట. మా ఇంట్లో విమానాలెక్కేవాళ్లు లేరు, పాత పేపర్లున్నాయి.

మూడు నెలలు వాడాను కాబట్టి రాస్తున్నాను.

ముందు దాని నిజాయితీ చూద్దామని విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ తగిలించాను. 1.01 చూపించింది. కవరు బరువు కూడా ఉంటుంది కదా, పాస్. చేయి వణికితే మాత్రం అంకెలు గెంతుతాయి. ఏ గుమ్మానికో తగిలించి, అంకె నిలబడేదాకా ఆగి చూడాలి.

నేను ఆర్టీసీలో 28 ఏళ్లు కండక్టరుగా చేశాను, రాజమండ్రి చుట్టుపక్కల రూట్లే. అందుకే చేతివాటం అనే మాట ఎక్కడ వినబడినా నా చెవి అటు తిరుగుతుంది. పేపర్లో ఆటల పేజీలో ‘ఎడమచేతి వాటం’ అంటే బ్యాటరు గొప్ప. జిల్లా పేజీలో ‘చేతివాటం ప్రదర్శించిన’ అంటే ఎవడో ఉద్యోగం పోగొట్టుకోబోతున్నాడని. తాపీమేస్త్రి బాత్రూమ్‌కి వాటం ఇస్తాడు, నీళ్లు అటే జారతాయి. చేయి కూడా అంతే, వాటం ఉన్నవైపు దానంతటదే జారుతుంది. దొంగతనం అంటే గోడ దూకాలి, తాళం పగలగొట్టాలి. దీనికి అవేం అక్కర్లేదు. సొమ్ము మన చేతుల మీదుగానే పోతూ ఉంటుంది. కోట్లు పోతే కుంభకోణం, లక్షలు పోతే స్వాహా, పదీ పరకా పోతే చేతివాటం. పైగా ‘దొంగ’ అన్నాక మళ్లీ ఆ మనిషి మొహం చూడలేం. రేపు మళ్లీ పాలు పోయాల్సినవాడిని, ఇల్లు తుడవాల్సినావిడని అనడానికే ఈ మాట పుట్టిందేమో అనిపిస్తుంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త నేరాల చట్టం, అదే భారతీయ న్యాయ సంహితలోనూ, 5 వేల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొమ్ము తిరిగిచ్చేస్తే సమాజ సేవ చేయిస్తారు. అంటే చట్టం కూడా చేతివాటానికి కాస్త చోటిచ్చింది.

ఇక కాటా సంగతి. మొదట గ్యాస్ బండ. మా ఇంటికి బండ తెచ్చే కుర్రాడి మీద నాకు ఏడాదిగా అనుమానం, ఎప్పుడూ అనలేదు. ఇంట్లో వాడే బండలో గ్యాస్ 14.2 కిలోలుండాలి, ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది. మాదాని మీద 15.3 అని ఉంది. రెండూ కలిపి 29.5 రావాలి. చేత్తో ఎత్తడం నా వల్ల కాదు, హాల్లో ఉయ్యాల కొక్కేనికి తాడు కట్టి వేలాడదీశాం. సాయం పట్టిందీ ఆ కుర్రాడే. 29.46. “సరిపోయిందాండీ?” అన్నాడు. సరిపోయిందన్నాను. కాఫీ తాగి వెళ్లమన్నాను, ఇంకా ఆరు బండలున్నాయని పోయాడు.

బియ్యం బస్తా 26 కిలోలది, 26.1 వచ్చింది. ఈ 26 ఏమిటంటారా? 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ల మీద జీఎస్టీ వేశారు, వెంటనే బస్తా ఒక కిలో పెరిగింది. దీన్ని చేతివాటం అనరు, వ్యాపారం అంటారు.

చికెన్ కొట్లో కాటా తీస్తే కొట్టతను నవ్వి, “మీదాని మీద తూనికలు కొలతలవాళ్ల ముద్ర ఉందాండీ?” అన్నాడు. లేదు. వ్యాపారానికి వాడకూడదని పెట్టె మీదే ఉంది. అతని కాటాకి ముద్ర ఉంది. కిలోకి 60 గ్రాముల తేడా కూడా ఉంది. కొట్టు మార్చాను. పెట్రోలు బంకులో ఇది ఎలాగూ పనికిరాదు. అక్కడ అనుమానముంటే 5 లీటర్ల కొలపాత్రతో పోసి చూపించమని అడగొచ్చు, 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు.

అసలు దీన్ని కొన్నది పాత పేపర్లాయన కోసం. ఆయన స్ప్రింగు కాటాకి కట్ట తగిలించినప్పుడు మోకాలు దానికింద ఎలా చేరుతుందో ఎన్నాళ్లు చూసినా దొరకలేదు. ఆయన కాటాలో 7 కిలోలు, నాదాంట్లో 9.2. “అదేటండీ బాబుగారూ, ఇన్నాళ్ల పరిచయం” అన్నాడు. నాకు వెంటనే బస్సు గుర్తొచ్చింది. చిల్లర లేక టికెట్ వెనక రూపాయో రెండో రాసిచ్చేవాళ్లం. దిగే హడావిడిలో కొందరు మర్చిపోయేవారు. నేను పిలిచి ఇచ్చినవాళ్లున్నారు, పిలవనివాళ్లూ ఉన్నారు. చెకింగ్‌వాళ్లు ఎక్కితే సంచిలో పైకం లెక్కకు మించి ఉన్నా కేసే, కాబట్టి ఆ చిల్లర టీ కొట్టు దగ్గరే ఖర్చయిపోయేది. ఆ పూట 84 రూపాయలే తీసుకుని ఊరుకున్నాను.

మరుసటి నెల ఆయనే, “మీ కాటాతోనే తూచండి బాబుగారూ” అన్నాడు. 9 కిలోలు. రేటు మాత్రం 12 నుంచి 10కి దింపేశాడు. 90 రూపాయలు చేతిలో పెట్టాడు. పోయిన నెల కంటే ఆరు రూపాయలు ఎక్కువ. ఈ లెక్కన కాటా ఖరీదు రాబట్టుకోవడానికి ఐదున్నరేళ్లు పడుతుంది.

ఐదుకి నాలుగు స్టార్లు. బ్యాటరీలు విడిగా కొనుక్కోవాలి.