వ్యసన విముక్తి కేంద్రంలో మా బావగారి 12 రోజులు

పదిహేనేళ్లుగా మద్యానికి అలవాటుపడిన మా బావగారికి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలోని వ్యసన విముక్తి కేంద్రంలో 12 రోజులు చికిత్స చేయించాము. ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించాలనుకున్న మాకు, అలా చేస్తే రెండు మూడు రోజుల్లోనే వణుకు, మూర్ఛ, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చని అక్కడి వైద్యులే చెప్పారు. కాలేయానికి కొవ్వు పట్టిందని, మద్యం పూర్తిగా మానితే అది చాలావరకు తగ్గుతుందని, కాలేయం మచ్చలు పడి గట్టిపడే సిర్రోసిస్ వరకు వెళ్తే మాత్రం పూర్తిగా కోలుకోవడం కష్టమని పరీక్షలు చూసి వివరించారు. గ్లూకోజు ఎక్కించడానికి ముందే థయమిన్, అంటే బి1 విటమిన్, ఇంజెక్షన్ ఇచ్చి, అది లోపిస్తే జ్ఞాపకశక్తి దెబ్బతింటుందని మా అక్కకు అర్థమయ్యేలా చెప్పడం నాకు ఎంతో నచ్చింది. మద్యం మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ మాత్రను తెలియకుండా అన్నంలో కలిపి పెట్టమని పక్క మంచం వారు ఇచ్చిన సలహాను, ఆ మాత్ర మీద తాగితే రక్తపోటు పడిపోయి ప్రమాదమని నర్సుగారు గట్టిగా ఖండించారు.

అయితే కౌన్సెలర్ ఒక్కరే ఉన్నందున కుటుంబానికి దక్కింది అరగంటే. మరుగుదొడ్ల సంగతి చెప్పకపోవడమే మేలు. ఇంటికి వచ్చాక కలిగిన సందేహాలకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనే ఓపికగా సమాధానమిచ్చారు.